ముక్కు లోతు బురద

విశాఖ చుట్టుపక్కల చెరువును ‘సుందరీకరించడం’ అంటే పూడిక తీయడం, గట్టు నిలువుగా కోసి రాయి పరవడం, పైన వాకింగ్ ట్రాక్ వేయడం. నీళ్లు నిండుగా కనిపిస్తాయి, ఫొటోలూ బాగుంటాయి. పొడుగు ముక్కు పక్షులకు మాత్రం అక్కడ కాలు మోపే చోటుండదు. జానెడు నీళ్లు దాటితే గాడ్‌విట్ అనే వలసపిట్ట నిలబడి మేయలేదు.

వీటన్నిటినీ కొంగలని ఒకే గాటన కట్టేస్తాం. గాడ్‌విట్, వింబ్రెల్, కర్లూ లాంటి ఉల్లంకి పిట్టలకు కొంగలతో చుట్టరికమే లేదు! భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసేచోట, కిందికి వంగిన ముక్కుతో గోధుమరంగు పిట్ట కనిపిస్తే ముందు నెత్తి చూడాలి. ముదురు చారలుండి, ముక్కు తలకు రెండింతలుంటే వింబ్రెల్. చారల్లేకుండా ముక్కు మూడింతలుంటే కర్లూ. దాని ముక్కు 15 సెంటీమీటర్లు దాటి కూడా పెరుగుతుంది, ఆడదానికే పొడవెక్కువ. పిల్ల కర్లూ ముక్కు పొట్టిది కాబట్టి ముక్కొక్కటే నమ్ముకున్నవాళ్లు దాన్ని వింబ్రెల్‌గా రాసేసుకుంటారు. గాడ్‌విట్ ముక్కు దాదాపు తిన్నగా ఉంటుంది. ఎగిరినప్పుడు రెక్కల మీద తెల్లపట్టీ, నల్లతోక కనిపిస్తే నల్లతోక గాడ్‌విట్.

ఈ ముక్కు గునపం కాదు. కొనలోని సన్నని గుంటల్లో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలుంటాయి. పురుగు తగలగానే ముక్కంతా తెరవకుండా కొన మాత్రం పైకి లేపి పట్టేస్తుంది. మెత్తటి బురదలోనే ఈ పని సాగుతుంది. ఎండి బిగుసుకున్న నేలలో సాగదు, రాయి మీద అసలే సాగదు.

కొండకర్ల ఆవ సరస్సులో మేసే గుల్లకొంగది ఇంకో తీరు. ముక్కు మధ్యలో సందుంటుంది. నత్తను అందులో పెట్టి పగలగొడుతుందని అనుకుంటారు గానీ, అది కోత పని. పక్కకు మెలితిరిగిన కింది ముక్కు కొనను నత్త మూత కిందికి దూర్చి, కండ తెంపి, మాంసం లాగేస్తుంది. గుల్ల చాలాసార్లు పగలదు కూడా. చిత్రమేమిటంటే పిల్లలకు ఆ సందే ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. గరిటెముక్కు కొంగ మాత్రం ముక్కు కాస్త తెరిచి, లోతులేని నీళ్లలో అటూఇటూ తిప్పుతూ నడుస్తుంది.

కచ్ తీరంలా మనకు కిలోమీటర్ల కొద్దీ బురద బయటపడదు. ఇక్కడ ఆటుపోట్ల తేడా పెద్ద పోటుల్లోనూ సుమారు ఒకటిన్నర మీటర్లే. ఉన్న సన్నటి అంచుకూ రాయి పరిస్తే మిగిలేదేమీ ఉండదు. చెరువుల్లో ఒక్క పక్కనైనా పది మీటర్లు నడిస్తే మీటరు లోతు మించని వాలు వదలాలి. వలసపక్షులుండే అక్టోబరు నుంచి మార్చి దాకా నీటిమట్టం నెమ్మదిగా తగ్గుతూ రావాలి. అప్పుడే రోజూ కొత్త తడినేల బయటపడుతుంది. గుర్రపుడెక్క తీసి ఒడ్డునే కుప్పపోస్తే ఆ కాస్త బురదా మూసుకుపోతుంది. ట్రాక్టర్లకెత్తి దూరంగా తరలించాల్సిందే.