కళ్లజోడు తెప్పించిన మాస్టారు

ఉపాధ్యాయుడు పాఠం బాగా చెబితే చాలు, పిల్లలతో చనువు అనవసరం అని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఏడో తరగతిలో నాకు లెక్కలంటే వణుకు. ఒకరోజు మాస్టారు నా నోటుపుస్తకం తిరగేసి, తిట్టకుండా, “బోర్డు మీది 3 నీకు 8లా కనిపిస్తోందా?” అని అడిగారు. మర్నాడే ముందు బెంచీలో కూర్చోబెట్టి, నాన్నగారికి కబురు పంపారు. కళ్లజోడు వచ్చింది, వణుకు పోయింది.

అయితే ఇలా కనిపెట్టాలంటే తరగతి కిక్కిరిసి ఉండకూడదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 35 మందికి ఒక్క ఉపాధ్యాయుడైనా ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మా మనవడి ప్రైవేటు బడిలో ఒక్కో సెక్షన్‌కు 60 మంది! వాడూ ఏడో తరగతే. లెక్కల సారుకు వాడి పేరు తెలియదు, రోల్ నంబరుతోనే పిలుస్తారట.