సవరణ: యానాం వెళ్తే వారెంటు చెల్లదా?

ఎదుర్లంక వంతెన దాటి యానాంలోకి వెళ్లిపోతే, నాన్‌బెయిలబుల్ వారెంటు ఉన్నా ఆంధ్రా పోలీసులు పట్టుకోలేరని ముందటి పోస్టులో ఉంది. అది తప్పు, దయచేసి ఎవరూ నమ్ముకోవద్దు. యానాం పుదుచ్చేరి కిందిదే, కానీ అరెస్టు వారెంటును దేశంలో ఎక్కడైనా అమలు చేయొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ (అరెస్టులు, కోర్టు విచారణల పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 79వ సెక్షన్ చెబుతోంది. అమలాపురం నుంచి వచ్చిన ఎస్సై మామూలుగా అయితే ముందు అక్కడి మేజిస్ట్రేటు దగ్గరో స్టేషన్ అధికారి దగ్గరో వారెంటు మీద సంతకం చేయించుకోవాలి, ఆలోగా మనిషి జారిపోతాడనుకుంటే ఆ సంతకం లేకుండానే పట్టుకోవచ్చు. వారెంటులో ఏముందో చెప్పాలి, అడిగితే కాగితం చూపించాలి, ఇది మాత్రం గట్టిగా అడగండి. ఏళ్లు గడిచినా వారెంటు దానంతటది పోదు. వాయిదా తప్పి టెన్షన్ పడుతున్నవాళ్లు ఊళ్లు మారకుండా లాయరుతో కోర్టుకు వెళ్లి, వారెంటు రద్దు చేయమని కోరే రీకాల్ పిటిషన్ వేసుకోండి.