వయసు రోగం పేరు కాదు

డెబ్భై దాటిన మనిషి ‘నాలుగు ముద్దలు తింటే చాలు, ఆయాసం వస్తోంది’ అంటే ఏం జవాబొస్తుందో తెలిసిందే. ‘ఈ వయసులో మామూలే.’ ఈసీజీ తీస్తారు, గ్యాస్ మాత్ర రాస్తారు, పంపేస్తారు. పేగు ఛాతీలోకి ఎక్కి కూర్చుందేమో అన్న అనుమానం అందరికంటే ఆఖర్న వస్తుంది.

ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే కండర పొర డయాఫ్రమ్. అందులో పుట్టుకతో పూడకుండా మిగిలిన సందు రొమ్ము ఎముక వెనక ఉంటే మోర్గాని హెర్నియా, వెన్ను వైపు ఉంటే బోక్‌డాలెక్. డయాఫ్రమ్ హెర్నియాల్లో మోర్గాని వాటా 2 నుంచి 3 శాతమే. ఏళ్ల తరబడి దగ్గు, ముక్కడం, పెరిగిన పొట్ట కలిసి లోపలి ఒత్తిడిని పెంచితే ఆ సందులోంచి కొవ్వు పొర, దాని వెంట పెద్దపేగు పైకి జారతాయి.

మోర్గాని ఉంటే ఎక్స్‌రేలో కనిపించేది గుండె పక్కన, ఎక్కువగా కుడివైపు, ఓ నీడ. న్యుమోనియా అనుకోవచ్చు, నీరు చేరిందనుకోవచ్చు. నీరనుకుని గొట్టం దించితే దిగేది పేగులోకి! అదే నీడలో గాలి బుడగలున్నాయా అని చూసినా, ఊపిరి వినపడాల్సిన చోట స్టెతస్కోప్‌లో పేగుల గుడగుడ విన్నా కథ మారిపోతుంది. సీటీ స్కాన్‌లో అడ్డకోత బొమ్మలతో పాటు నిలువు కోత బొమ్మలూ చూస్తే సందు చాలావరకు దొరికిపోతుంది.

‘ఈ వయసులో ఆపరేషనా?’ అనేవాళ్ల భయం ఉత్తిది కాదు. వేరే పనికి తీసిన స్కాన్‌లో కొవ్వు మాత్రమే దూరిన చిన్న బోక్‌డాలెక్ కనిపిస్తే, బాధ లేకపోతే, దాని జోలికి పోనక్కర్లేదు. ఒప్పుకుంటా.

పేగు దూరి, మనిషి బాధపడుతుంటే మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది. గుండె, ఊపిరితిత్తులు పరీక్షించుకుని, తేదీ పెట్టుకుని చేసే లాప్రోస్కోపీలో నాలుగైదు చిన్న రంధ్రాలు చాలు. పేగును కిందికి లాగి, సందును కుట్టేస్తారు, పెద్దదైతే మెష్ (వల లాంటి అతుకు) వేస్తారు. ఆగుదాం ఆగుదాం అంటూ ఉంటే, ఏ అర్ధరాత్రో పేగు మెలిపడి, రక్తం అందక నల్లబడ్డాక కోసి తీయాల్సి వస్తుంది. ఇన్ఫెక్షన్ భయంతో మెష్ వేయడానికీ వెనకాడతారు. ముసలి గుండె ఏ ఆపరేషన్‌ను తట్టుకుంటుంది, మొదటిదాన్నా, రెండోదాన్నా?

అసలు చిక్కు స్కానర్‌లో లేదు, కన్సల్టేషన్ గదిలో ఉంది. పేషెంట్ కుర్చీలో పెద్దాయన కూర్చుంటాడు, డాక్టర్ మాత్రం వెనక నిలబడ్డ కొడుకుని అడుగుతాడు: ‘ఏంటి సమస్య?’ కొడుకు ‘గ్యాస్ అండీ’ అంటాడు. పెద్దాయన ఛాతీ మీద చెయ్యి పెట్టి ఏదో చూపించబోతాడు. అప్పటికే మాత్ర రాయడం అయిపోతుంది.