రెండో ఆపరేషన్‌కు లెక్క చెప్పేదెవరు?

రొమ్ముల పరిమాణం పెంచే శస్త్రచికిత్సల ప్రకటనలు ఇప్పుడు తెలుగులోనే వస్తున్నాయి. ఇవాళ చేరితే రేపు ఇంటికి పంపిస్తామంటారు, వాయిదాల్లో కట్టవచ్చంటారు, ముందు ఎలా ఉండేదో తర్వాత ఎలా ఉందో పక్కపక్కనే ఫొటోలు పెడతారు. ఆ రెండో ఫొటో ఆపరేషన్ అయిన ఎన్ని నెలలకు తీసిందో మాత్రం రాయరు. పదేళ్ల తర్వాత తీసిన ఫొటో నాకైతే ఇంతవరకు ఏ ప్రకటనలోనూ కనిపించలేదు.

కనిపించకపోవడానికి కారణం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అందం కోసం ఇంప్లాంట్లు, అంటే సిలికాన్ జెల్ గాని సెలైన్ గాని నింపి రొమ్ము లోపల అమర్చే తిత్తులు, పెట్టించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరి దాకా పదేళ్లలోపే వాటిని తీయించుకోవలసి వస్తోంది. క్యాన్సర్ వల్ల రొమ్ము తొలగించాక పునర్నిర్మాణం చేయించుకున్నవారిలోనైతే ఇద్దరిలో ఒకరి దాకా. ఇవి జీవితాంతం ఉండే పరికరాలు కావని ప్రత్యేకంగా గడికట్టి హెచ్చరిక ముద్రించాలని 2021 అక్టోబరులో అదే సంస్థ తయారీదారులను ఆదేశించింది. నష్టాల జాబితాను ముందుగా రోగికి వివరించే ఆస్పత్రులకూ డాక్టర్లకూ మాత్రమే ఇంప్లాంట్లు అమ్మాలని షరతు కూడా పెట్టింది. అంటే రెండో ఆపరేషన్ అనుకోని ఉపద్రవమేమీ కాదు. మొదటి ఆపరేషన్‌కు ఒప్పుకున్న రోజే చాలామంది దానికీ ఒప్పుకున్నట్టు లెక్క. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పరు, అంతే.

ఎందుకు అవసరమవుతుంది? ఇంప్లాంట్ పెట్టగానే శరీరం దాన్ని పరాయి వస్తువుగా గుర్తించి చుట్టూ పలుచని పొర అల్లుతుంది. డాక్టర్లు క్యాప్స్యూల్ అంటారు. ఇది అందరిలోనూ జరిగేదే. కొందరిలో ఆ పొర మందమై, బిగుసుకుని ఇంప్లాంట్‌ను పిండేస్తుంది. బేకర్ కొలత అని దీనికి నాలుగు దశలున్నాయి. మొదటి దశలో చూసినా తాకినా తేడా తెలియదు. నాలుగో దశకు వచ్చేసరికి గట్టిదనం, వంకర, నొప్పి మూడూ ఉంటాయి. ఇంకొందరిలో ఇంప్లాంట్ కిందికో పక్కకో జారుతుంది. సెలైన్ నింపిన ఇంప్లాంట్ చిరిగితే కొద్ది రోజుల్లోనే రొమ్ము కుంగి తెలిసిపోతుంది. సిలికాన్ జెల్ అలా కాదు. లోపల పగిలినా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. ఎమ్మారై తీస్తేనో అల్ట్రాసౌండ్ చేస్తేనో గాని బయటపడదు.

సరిచేయడం మొదటిసారి చేసినంత సులువు కాదు. మొదటిసారి సర్జన్‌కు దొరికేది కత్తి పడని కణజాలం. రెండోసారి పాత మచ్చలు, సాగిన చర్మం, పలచబడిన కండ, అంతకు ముందున్నంత బాగా లేని రక్తప్రసరణ ఎదురవుతాయి. కండరం కింద పెట్టిన ఇంప్లాంటైతే వెనకవైపు పొర పక్కటెముకలను అంటుకుని ఉంటుంది. దాన్ని పట్టుబట్టి ఒలవబోతే ఊపిరితిత్తి పైపొరకు చిల్లు పడే ప్రమాదం ఉంది. పొరతో సహా మొత్తం ఒకే ముద్దగా తీయాలని ఇంటర్నెట్‌లో చదివి వచ్చి పట్టుబట్టేవారూ ఉన్నారు. క్యాన్సర్ ఉన్నప్పుడో గట్టి అనుమానం ఉన్నప్పుడో అది అవసరమే, అందరికీ కాదు. ఇంప్లాంట్ తీసేసి వదిలేస్తే సాగిన చర్మం వేలాడుతుంది. దాన్ని పైకి ఎత్తి కుట్టడం మరో పని. చీము పట్టినా రక్తం గూడుకట్టినా క్షణం ఆగకూడదు గాని, ఆకారం నచ్చలేదన్న కారణంతో మరుసటి నెలలోనే మళ్లీ కోయించుకోవడం తెలివైన పని కాదు. వాపు తగ్గి మచ్చ మెత్తబడేదాకా ఆరు నెలలో ఏడాదో ఆగమంటారు అనుభవమున్న సర్జన్లు.

ఇంత పనికి దిగే సర్జన్ మొదట అడిగేది పాత కాగితాలు. ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఎన్ని సీసీలు, పైభాగం నున్ననిదా గరుకుదా, కండరం కింద ఉందా పైన ఉందా? ఇంప్లాంట్ పెట్టెలో చిన్న స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ పేరు, పరిమాణం, లాట్ నంబరు, సీరియల్ నంబరు వాటి మీదే అచ్చై ఉంటాయి. ఒకటి ఆస్పత్రి ఫైలులో అంటించాలి, ఒకటి రోగి కార్డు మీద అంటించి చేతికివ్వాలి. లక్షలు ఖర్చయ్యే ఈ వ్యవహారంలో పైసా ఖర్చు లేని పని ఇదొక్కటే. నిర్లక్ష్యానికి ముందుగా బలయ్యేదీ ఇదే.

ఆ కాగితం విలువ ఎంతో 2019లో తెలిసింది. అలర్గన్ కంపెనీ బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లకూ లింఫోమా అనే ఒక అరుదైన రకం క్యాన్సర్‌కూ సంబంధం ఉందని తేలి, ఆ ఏడాది జులైలో ప్రపంచవ్యాప్తంగా వాటిని వెనక్కి తీసుకున్నారు. లక్షణాలు లేనివారు తొందరపడి తీయించుకోనక్కరలేదని ఎఫ్‌డీఏ చెప్పింది. మంచి సలహాయే. కానీ తన ఒంట్లో ఉన్నది ఆ రకమో కాదో తెలియని మనిషికి ఆ సలహాతో ఏం పని?

అంతకు ముందు ఫ్రాన్స్‌లో జరిగింది మరీ ఘోరం. పాలీ ఇంప్లాంట్ ప్రొతేజ్, పొట్టిగా పిప్, అనే కంపెనీ వైద్యానికి పనికొచ్చే సిలికాన్‌కు బదులు పరిశ్రమల్లో వాడే చౌక సిలికాన్‌ను ఏళ్ల తరబడి ఇంప్లాంట్లలో నింపింది. తనిఖీకి వచ్చేవారు ముందే కబురు చేసి వచ్చేవారు, ఆలోగా కంపెనీవాళ్లు ఆ చౌక సరుకు దాచేసేవారు. 2010 మార్చిలో అమ్మకాలు ఆపించేనాటికి అవి లక్షల మంది స్త్రీల ఒంట్లో ఉన్నాయి. 2011 డిసెంబరులో ఫ్రెంచి ప్రభుత్వం తమ దేశంలోని దాదాపు 30,000 మందిని ముందుజాగ్రత్తగా తీయించుకోమని చెప్పింది. యజమాని జీన్ క్లాడ్ మాస్‌కు 2013లో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది.

దోషి దొరికాడు, సరే. రెండో ఆపరేషన్‌కు డబ్బెవరు పెట్టారన్నది అసలు ప్రశ్న. ఫ్రాన్స్‌లో తీసే ఖర్చు అందరికీ ఆరోగ్య బీమా భరించింది, కొత్తవి పెట్టే ఖర్చు మాత్రం క్యాన్సర్ రోగులకే ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ప్రైవేటు క్లినిక్ చేతులెత్తేస్తే ప్రభుత్వాస్పత్రి తీసేది, కొత్తది పెట్టేది కాదు. ఒకే మత్తులో అయిపోవలసిన పని కొందరికి రెండు ఆపరేషన్లయింది. వేల్స్ ప్రభుత్వం ఒక్కటి ఈ మడత పేచీ పెట్టకుండా రెండూ చేయిస్తానంది. నాకు వేల్స్ చేసిందే న్యాయంగా తోస్తుంది.

"సోకుకు పోయి చేయించుకున్నారు, అనుభవించనీ" అనేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడైతే ఇంకా ఎక్కువ. ఈ మాటకు నష్టపోయేది ఆ స్త్రీ ఒక్కతే కాదు. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో ఆమె ఫిర్యాదు చేయదు, ఇంట్లోనే చెప్పదు, ఇంకో ఊళ్లో ఇంకో క్లినిక్ వెతుక్కుంటుంది. మొదటి క్లినిక్ ఖాతాలో ఆమె సంతృప్తి చెందిన కస్టమరుగానే మిగిలిపోతుంది. సిగ్గు ఈ వ్యాపారానికి పెట్టుబడి లేని రక్షణ. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయినా గడప దాటనివారికి ఆ తీర్పు ఉండీ లేనట్టే.

డబ్బు సంగతిలో మన నిబంధనలూ కఠినమే. అందం కోసం చేసే శస్త్రచికిత్సలకు ఆరోగ్య బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికీ వైద్యపరంగా తప్పనిసరైన చికిత్సకూ మినహాయింపు ఉంది. గట్టిపడి నొప్పి పెడుతున్న ఇంప్లాంట్‌ను తీయడం అందం కిందికి వస్తుందా, చికిత్స కిందికి వస్తుందా? ఆ తగవు రోగికీ బీమా కంపెనీకీ మధ్య వదిలేస్తే ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు. వైద్య సేవలకున్న జీఎస్టీ మినహాయింపు కూడా సౌందర్య శస్త్రచికిత్సకు లేదు. 18 శాతం పన్ను వసూలు చేసుకునే ప్రభుత్వం, పరికరం చెడితే మాత్రం నాకేం సంబంధమంటే ఎలా?

కీళ్ల విషయంలో మనకు ఒక అనుభవం ఉంది. జాన్సన్ అండ్ జాన్సన్ వారి ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. మన దేశంలో దాదాపు 4,700 శస్త్రచికిత్సలు జరిగితే, ఏళ్ల తర్వాత కేంద్రం కమిటీ వేసి వెతికించినా మూడు వేల మందికి పైగా రోగుల ఆచూకీ దొరకలేదు. ఆ ఇంప్లాంట్ లోపాన్ని తొలుత పసిగట్టింది ఆస్ట్రేలియా కీళ్ల రిజిస్ట్రీ. ఏ రకం ఇంప్లాంట్‌కు ఎన్ని రెండో ఆపరేషన్లు జరుగుతున్నాయో అక్కడ లెక్క రాస్తారు కాబట్టి, మామూలు కంటే ఎక్కువ అవుతున్నాయని తెలిసింది. రొమ్ము ఇంప్లాంట్లకు కూడా ఆస్ట్రేలియా 2015లో, ఇంగ్లండ్ 2016లో ఇలాంటి రిజిస్ట్రీలు పెట్టాయి.

తెలుగు రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ రాష్ట్రాల చేతిలోనే ఉంది. పెట్టిన ప్రతి ఇంప్లాంట్ సీరియల్ నంబరును, తీసిన ప్రతి ఇంప్లాంట్‌ను ఎందుకు తీశారన్న కారణాన్ని, రోగి పేరు బయటపడకుండా, నమోదు చేయాలని ఆ షరతుల్లో చేర్చవచ్చు. స్టిక్కర్ అంటించని డిశ్చార్జి సమ్మరీ చెల్లదని ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంగీకార పత్రం తెలుగులో ఉండాలని, పదేళ్లలో మళ్లీ ఆపరేషన్ పడే అవకాశమెంతో, దానికి ఇవాళ్టి ధరల్లో ఎంతవుతుందో, ఎవరు కట్టాలో అందులో అంకెలతో రాయాలని అడగవచ్చు. క్లినిక్కులు గోల పెడతాయి. ఆ అంకె చూస్తే సగం మంది వెనక్కి వెళ్లిపోతారంటాయి. వెళ్లిపోతే వెళ్లనివ్వండి.