ముందు విత్తనం సంగతి తేల్చండి

లక్ష మొక్కలు నాటాం, కోటి నాటాం అని లెక్కలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. అవి ఏ జాతులు, విత్తనాలు ఏ చెట్ల నుంచి ఎప్పుడు తెచ్చారు అని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. పాడైన నేల మళ్లీ కోలుకోవాలంటే, నాటడానికి ఏడాది రెండేళ్ల ముందే పని మొదలుపెట్టాలి.

కానీ జరుగుతున్నదేంటి? ఇంకో మూడు నెలల్లో నాటాలనగా నర్సరీకి ఆర్డరు వెళ్తుంది. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? చేతిలో ఉన్న విత్తనాల్లో త్వరగా మొలిచేవి పెంచి ఇస్తారు. అందుకే ఎక్కడ చూసినా అవే నాలుగైదు జాతులు. నిదానంగా పెరిగే స్థానిక మొక్కలకు చోటే దొరకదు. ఇందులో నర్సరీవాళ్లను తప్పుపట్టడం అన్యాయం.

విత్తనం మన క్యాలెండర్ చూసుకుని నడవదు. వేప గింజ రాలాక కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది. సాల్ చెట్టు విత్తనమైతే వారం, పది రోజులు ఆగడమే కష్టం. రేల గింజ పెంకు ఎంత గట్టిదంటే, గీకితే గానీ లోపలికి నీరు దిగదు. నిప్పు తరచూ అంటుకునే నేలల్లో కొన్ని మొక్కలకు పొగ తగిలితేనే మొలక వస్తుంది. పొగలో ఆ పని చేసే రసాయనాన్ని 2004లో గుర్తించారు. ఇవన్నీ తెలిసి, ఏ కొమ్మ మీద కాయ ఎప్పుడు ముదురుతుందో కనిపెట్టుకుని ఉండే మనిషికి మనమిచ్చేది రోజు కూలీ! నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

తెలిసినవాళ్లు చెట్టు కనబడగానే దులిపేయరు. ముందు కొన్ని గింజలు బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తారు. లోపల పప్పు తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంటేనే ఏరతారు. ముడుచుకుపోయినా, పురుగు తొలిచిన పొడి కనిపించినా పక్క చెట్టుకు వెళ్తారు. ఆ రోజు పండి ఉన్నదాంట్లో 20 శాతానికి మించి తీసుకోకపోవడం మంచి పద్ధతి, మిగతాది పక్షులకూ నేలకూ. పదుల సంఖ్యలో తల్లిచెట్ల నుంచి కొంచెం కొంచెం తేవాలి. దారి పక్క ఒక్క చెట్టుతోనే బస్తా నింపేస్తే వేల మొక్కలూ ఒకే తల్లి పిల్లలవుతాయి. రేపు ఓ తెగులొస్తే అన్నిటికీ ఒకేసారి ముప్పు.

నర్సరీలోనూ అజాగ్రత్త పనికిరాదు. మొక్కను చిన్న సంచిలో మరీ ఎక్కువ కాలం ఉంచితే తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. పైన ఆకులు పచ్చగా ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేలలో పెట్టాక కూడా ఆ చుట్ట విప్పుకోదు, కొన్నేళ్లకు గట్టి గాలి వీస్తే చెట్టు ఒరిగిపోవచ్చు. అడుగున కన్నం ఉన్న రూట్ ట్రైనర్లను (మొక్కలు పెంచే గొట్టాల్లాంటి కుండీలను) స్టాండు మీద ఎత్తుగా పెడితే, వేరు కొస గాలి తగిలి ఎండి, పక్కవేళ్లు వస్తాయి.

పాడైన అడవులూ నేలలూ మళ్లీ కోలుకునేలా చేయాలని 2011లో మొదలైన అంతర్జాతీయ కార్యక్రమం బాన్ ఛాలెంజ్ లక్ష్యం 2030 నాటికి 35 కోట్ల హెక్టార్లు. దానికి తగినంత స్థానిక విత్తనం ఎవరు ఏరాలి, ఎక్కడ దాచాలి అన్న ప్రశ్నకు నిధులు ఎప్పుడూ చివర్లోనే.

ఇక గడ్డిభూముల గోస వేరు. చెట్టు లేని చోటల్లా బీడే అనుకుని గుంతలు తవ్వేస్తున్నారు. అక్కడ కావాల్సింది ఆ నేలలో పుట్టిన గడ్డి విత్తనం. దానికి రెండేళ్ల ముందు ఆర్డరిచ్చినవాళ్లను నేనింతవరకు చూడలేదు.