టాప్ టూ ప్రైమరీ గారికి ఓ నవంబర్ ఓటరు విన్నపం

మహారాజశ్రీ కాలిఫోర్నియా టాప్ టూ ప్రైమరీ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. బ్యాలెట్ కూడా క్షేమంగా పోస్టులో చేరింది. తొలి విడతలో అన్ని పార్టీల వాళ్లనూ ఒకే బ్యాలెట్ మీద పోటీకి దించి, పార్టీ ఏదైనా మొదటి ఇద్దరినే నవంబర్‌కు పంపడం తమరి పద్ధతి కదా. ఈసారి అసెంబ్లీ సీటుకు మిగిలిన ఇద్దరిదీ ఒకే పార్టీ. అది నా పార్టీ కాదు. సాయంత్రమంతా ఇద్దరి వెబ్‌సైట్లూ పక్కపక్కన పెట్టుకుని తేడా వెతికాను. ఫొటోలు వేరు. పోనీ బ్యాలెట్‌లో లేని, నాకు నచ్చిన పేరు రాద్దామంటే, రాసుకునే గీతే లేదు!

2010 జూన్‌లో ఓటర్లే నేరుగా తేల్చే 14వ ప్రతిపాదన రూపంలో ఓట్లడగడానికి వచ్చినప్పుడు తమరెంత వినయంగా ఉన్నారు! పార్టీల పెత్తనం పోతుందన్నారు, ఓటరుకు ఛాయిస్ పెరుగుతుందన్నారు. పక్కన గవర్నర్ ష్వార్జ్‌నెగ్గర్ గారు. సుమారు 54 శాతం మంది నమ్మారు.

రెండేళ్లు తిరగకుండానే శాన్ బెర్నార్డినో వైపు 31వ కాంగ్రెస్ జిల్లాలో (అంటే అమెరికా పార్లమెంటు నియోజకవర్గంలో) తమరి ప్రతిభ చూశాం. నలుగురు డెమోక్రాట్లు ఓట్లు పంచుకున్నారు, ఇద్దరు రిపబ్లికన్లు ఫైనల్‌కెళ్లారు. ఆ నవంబర్‌లోనే అదే జిల్లాలో ఒబామాకు మెజారిటీ వచ్చింది! మన వాట్సాప్‌లో తిరిగే హాస్టల్ కథలో ఓట్లు చీలి గెలిచింది ఒక్క ఉప్మానే. తమరి దగ్గర ఫస్టూ ఉప్మానే, సెకండూ ఉప్మానే.

2016 సెనేట్‌కు చివరికి మిగిలిన హారిస్, సాంచెజ్, ఇద్దరూ డెమోక్రాట్లే. 2024లో సెనేట్‌కే పోటీ చేసిన డెమోక్రాట్ షిఫ్ గారు, నవంబర్‌లో తన పార్టీకే చెందిన పోర్టర్ కన్నా రిపబ్లికన్ గార్వీ ఎదురుగా ఉంటే సులువని, ఖర్చు పెట్టి మరీ గార్వీని యాడ్స్‌లో చూపించారు. పాచిక పారింది. తెలివి ఆయనది, దారి తమరిది. ఇక అదే ఏడు 16వ కాంగ్రెస్ జిల్లాలో రెండో స్థానానికి ఇద్దరికీ సరిగ్గా 30,249 ఓట్లొచ్చిన ముచ్చట వదిలేస్తాను.

కానీ ఆ గీత సంగతి వదలను. జూన్‌లో పేరు రాయొచ్చట, నవంబర్‌లో రాస్తే లెక్కపెట్టరట! అదే కాగితం మీద స్కూల్ బోర్డుకు గీత ఉంది. మా ఊళ్లో ఈవీఎం మీద అందరూ అయ్యాక నోటా బటనైనా ఉంటుంది. గెలవదు, కానీ లెక్కలోకి వస్తుంది. ఇక్కడ గడి ఖాళీగా వదిలితే మర్చిపోయాననుకుంటారు. మర్చిపోలేదండీ, ఒళ్లు మండి వదిలేశాను! ఇద్దరినే మిగల్చడం తమరిష్టం, ఆ ఇద్దరూ వద్దని చెప్పే దారి కూడా మూసేయమని ఎవరడిగారు?

ఆ గీత వెంటనే తిప్పి పంపగలరు. పోస్టేజీ నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఛాయిస్ పెరిగిన ఓటరు