డిగ్రీ లేదు, నిజమే. చదువు లేదనడం మాత్రం అబద్ధం

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ల గ్రూపులో రెండుసార్లు, ఆఫీసు గ్రూపులో ఒకసారి, మా బావ ఒకసారి, నిన్న రాత్రి మా పిన్ని కొడుకు ఒకసారి. మొదటి నాలుగూ చూసి ఊరుకున్నాను. మావాడు పంపినదాని కింద మాత్రం ఇంకో లైను ఉంది: "అన్నా, నేను కూడా థర్డ్ ఇయర్ ఫీజు కట్టకుండా మానేద్దామనుకుంటున్నా, ఏమంటావ్?" అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది చెప్తాను. జిమ్ విలియమ్స్ అనే అమెరికన్ సర్క్యూట్ డిజైనర్ కాలేజీ మొహం చూడలేదట. పుస్తకం తెరవలేదట, లెక్క వెయ్యలేదట, అంతా పుట్టుకతో వచ్చిన చెయ్యట. అయినా ఎంఐటీ పిలిచి ప్రొఫెసర్‌ని చేసిందట. సన్నటి సిగ్నల్‌ని పెంచే ఆప్-యాంప్ కనిపెట్టింది ఆయనేనట. బల్ల గజిబిజిగా ఉండటమే మేధావి లక్షణమట. తనలాంటి డిజైనరే అయిన స్నేహితుడు బాబ్ పీస్‌తో కలిసి ఒకే కారు ప్రమాదంలో చనిపోయాడట. కాబట్టి బీటెక్ దండగ, మానేసి సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి అని ముగింపు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. ఆప్-యాంప్ ఆయన కనిపెట్టలేదు. వాల్వులతో చేసినవి 1950ల మొదట్లోనే జార్జ్ ఫిల్‌బ్రిక్ కంపెనీ అమ్మింది, మనం ల్యాబులో వాడిన 741 అనే ఆప్-యాంప్ చిప్‌ని 1968లో ఫెయిర్‌చైల్డ్‌లో డేవ్ ఫులాగర్ డిజైన్ చేశారు, అప్పటికి విలియమ్స్‌కి ఇరవై ఏళ్లు. ఎంఐటీలో ప్రొఫెసర్ కూడా కాదు. ఆ ఏడాదే అక్కడ ఉద్యోగంలో చేరి, పరిశోధన చేసేవాళ్లకి కావలసిన ఎలక్ట్రానిక్స్ కట్టిపెట్టారు. తర్వాత చిప్ కంపెనీల్లో పనిచేశారు, 1979లో నేషనల్ సెమీకండక్టర్, 1982 నుంచి చనిపోయేదాకా లీనియర్ టెక్నాలజీ. ఇక బల్ల గజిబిజిగా ఉండేది, ఒప్పుకుంటాను, మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో దాన్ని యథాతథంగా ప్రదర్శనకి పెట్టారు కూడా. దానికీ ప్రతిభకీ సంబంధం లేదు.

చావు సంగతి మాత్రం రెండు మాటల్లో వదిలెయ్యలేను, ఎందుకంటే నిజంగా జరిగినదే ఇంతకంటే బాధగా ఉంటుంది. 2011 జూన్ 10న విలియమ్స్‌కి స్ట్రోక్ వచ్చింది, 12న పోయారు. 18న ఆయన సంస్మరణ సభకి వెళ్లి తిరిగొస్తూ బాబ్ పీస్ తన పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ప్రమాదానికి గురై పోయారు. అనలాగ్ ప్రపంచం వారం తిరక్కుండా ఇద్దరిని పోగొట్టుకుంది. దాన్ని "ఒకే కారు" అని కలిపేస్తే కథ బిగువుగా ఉంటుందని ఎవరికో అనిపించి ఉంటుంది. పోయినవాళ్ల విషయంలో ఆ పని చెయ్యకూడదు.

కాలేజీ మొహం చూడలేదన్నది కూడా తప్పే. డెట్రాయిట్‌లో పుట్టి అక్కడే వేన్ స్టేట్ యూనివర్సిటీలో కొన్నాళ్లు చదివి మానేశారు. చదివింది సైకాలజీ! ఇంజనీరింగ్ మానేసిన మనిషి కాదు, ఇంజనీరింగ్ కోసం వేరే చదువు మానేసిన మనిషి. ఈ తేడా మా తమ్ముడికి అర్థమైతే నాకు సగం పని తగ్గుతుంది.

ఇప్పుడు అసలుది, నాకు ఒళ్లు మండించింది. "పుస్తకం తెరవలేదు, లెక్క వెయ్యలేదు, అంతా పుట్టుకతో వచ్చింది."

1976లో విలియమ్స్ ఈడీఎన్ అనే ఎలక్ట్రానిక్స్ పత్రికలో ఒక కాటా గురించి రాశారు. ఎంఐటీలో కట్టినది. 300 పౌండ్ల దాకా మనిషిని నిలబెట్టి తూచి, ఒక పౌండులో నూరో వంతు, అంటే నాలుగున్నర గ్రాములు, తేడా వస్తే చూపించాలి. సుమారు 30 పీపీఎం, అంటే పది లక్షల్లో 30 వంతులు అన్నమాట. మామూలుగా లోడ్ సెల్ (బరువుని వోల్టేజీగా మార్చేది) పూర్తి బరువు మీద ఇచ్చేది ఓ 30 మిల్లీవోల్టులు. అందులో 30 పీపీఎం ఎంతో మీరే వెయ్యండి, ఒక మైక్రోవోల్టు కూడా రాదు. రెండు వేరు వేరు లోహాలు కలిసిన జాయింటు ఒక్క డిగ్రీ వేడెక్కితే లోహాలని బట్టి అంతకు ఎన్నో రెట్లు పుట్టుకురావచ్చు, పైన ఫ్యాన్ తిరిగినా చాలు. ఇలాంటి చోట ఏ తప్పు ఎన్ని నానోవోల్టులు తింటుందో ఒక్కొక్కటీ కాగితం మీద వేసుకోకుండా, చేతివాటంతో కాటా కట్టగలరా? మెసేజ్ రాసినవాళ్లు ఒకసారి ప్రయత్నించి చూడండి. కనీసం బియ్యం బస్తా తూచే కాటాతో మొదలుపెట్టండి.

ఇంకొకటి. వేగంగా పనిచేసే సర్క్యూట్ కొలవాలంటే ముందు సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్ ఎంత వేగంగా స్పందిస్తుందో తెలియాలి. దానికి ఆయన 2ఎన్2369 అనే మామూలు చిన్న ట్రాన్సిస్టర్‌తో పల్స్ జనరేటర్ కట్టారు. డేటాషీటు ప్రకారం కలెక్టర్, ఎమిటర్ మధ్య 15 వోల్టులు దాటకూడని ట్రాన్సిస్టర్‌కి 90 వోల్టుల దాకా పెట్టి, అది అవలాంచ్‌లోకి వెళ్లేలా, అంటే కరెంటు ఒక్కసారిగా దూకేలా చేసి, 350 పికోసెకన్లలో లేచే పల్స్ తీశారు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). ఇంతవరకు చెప్తే "చూశావా, పిచ్చి ధైర్యం" అంటారు. ఆ తర్వాత ఏం చేశారో చూడండి. కంపెనీ ఈ వాడకానికి గ్యారంటీ ఇవ్వదు కాబట్టి, 12 ఏళ్ల వ్యవధిలో తయారైన 50 ట్రాన్సిస్టర్లు తెచ్చి ఒక్కొక్కటే పెట్టి పరీక్షించారు. 82 శాతం పనిచేశాయి, అంటే 41. పనిచేసినవన్నీ 650 పికోసెకన్ల లోపే స్విచ్ అయ్యాయని రాసిపెట్టారు. యాభై సార్లు తీసి, పెట్టి, చూసి, రాసుకోవడాన్ని మా ఊళ్లో ఓపిక అంటారు. పుట్టుకతో రాదు.

పుస్తకాల సంగతికొస్తే, చిప్‌లు ఎలా వాడాలో చెప్పడానికి కంపెనీలు వేసే పత్రాల్ని అప్లికేషన్ నోట్లంటారు; బ్రిడ్జి సర్క్యూట్ల మీద ఆయన రాసిన నోట్ 43లో వీన్ బ్రిడ్జి ఆసిలేటర్ (నికరమైన తరంగాన్ని పుట్టించే సర్క్యూట్) గురించి చెప్తూ, హెచ్‌పీ స్థాపకుల్లో ఒకరైన విలియం హ్యూలెట్ 1939లో స్టాన్‌ఫోర్డ్‌లో రాసిన థీసిస్ దాకా వెళ్లారు. ఆసిలేటర్ సిగ్నల్ పెరిగితే బల్బులో ఫిలమెంటు వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది, దాంతో గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) తగ్గి సిగ్నల్ మళ్లీ అదుపులోకొస్తుంది. ఒక మామూలు బల్బు కాపలా కాస్తుందన్న మాట. హ్యూలెట్ వాడిన ఆ ఆలోచన చెప్పి, పేరు చెప్పి, అక్కణ్ణుంచి ఆ బల్బు ఎందుకు తీసెయ్యాలో, బదులు ఏం పెట్టాలో మొదలుపెట్టారు. యాభై ఏళ్ల నాటి థీసిస్ వెతికి చదివినవాణ్ణి పుస్తకం తెరవలేదంటారా? జీవితంలో 350కి పైగా వ్యాసాలు, నోట్లు రాసినాయన చదవకుండానే రాశారా? ఆయన్ని పొగుడుతున్నాం అనుకుంటున్నారు మీరు. ఆయన రాత్రింబవళ్లు పడ్డ కష్టాన్ని తీసేసి "గిఫ్ట్" అని ఒక మాటలో కట్టేస్తున్నారు.

ఇప్పుడు నేనొక మాట ఒప్పుకోవాలి. మా ఈసీఈ ల్యాబులో ముప్పై మందికి పనిచేసే సీఆర్వోలు, అంటే ఆసిలోస్కోపులు, రెండు. రికార్డులో వేవ్‌ఫారాలు సీనియర్ల రికార్డు చూసి దించేవాళ్లం. వైవా పాసై డిస్టింక్షన్‌తో బయటికొచ్చి, మొదటి ఉద్యోగంలో ఒక పవర్ సప్లై బోర్డు మీద ఆసిలోస్కోప్ ప్రోబ్ పెట్టగానే అంచుల్లో సన్నగా వణుకు కనిపించింది. రెండు రోజులు కెపాసిటర్లు మార్చాను, రెసిస్టర్లు మార్చాను, నిద్ర లేదు. చివరికి ఒక సీనియర్ విలియమ్స్ రాసిన అప్లికేషన్ నోట్ 47 చేతిలో పెట్టారు. అందులో తప్పు వేవ్‌ఫారాల గ్యాలరీ లాంటిది ఉంటుంది, ఫొటోకొక తప్పు, దాని కారణం. నా వణుకు అక్కడుంది. బోర్డులో తప్పేమీ లేదు, ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ తీగ పొడుగ్గా ఉంది, అంతే. పదిహేను సెంటీమీటర్ల తీగ, పది పికోఫారడ్ల ప్రోబ్ కలిస్తే 130 మెగాహెర్ట్జ్ దగ్గర గంటలా మోగుతాయి. క్లిప్ పీకేసి ప్రోబ్ కొనకి అంగుళం తీగ చుట్టి పెడితే స్క్రీన్ మీద గీత నిటారుగా నిలబడింది. నాలుగేళ్ల కాలేజీ నాకు ఇవ్వనిది ఒక పేజీ ఇచ్చింది. ఈ విషయంలో ఆ మెసేజ్‌కి ఉన్న కోపం న్యాయమైనదే. సర్టిఫికెట్ లేని కుర్రాడు ఎంత పనిమంతుడైనా మన కంపెనీల గేటు దాటలేడన్నదీ నిజమే, విలియమ్స్‌ని మాత్రం ఎంఐటీ లోపలికి రానిచ్చింది.

కానీ తమ్ముడూ, లోపలికి రానిచ్చింది అన్న మాట దగ్గర ఆగి ఆలోచించు. ఆయన చదువు సాగింది గదుల నిండా ఆసిలోస్కోపులు, అడిగితే చెప్పే మనుషులు ఉన్న చోట. నువ్వు మానేసి వచ్చి కూర్చునేది మీ ఇంట్లో మంచం మీద, చేతిలో ఫోను. మీ కాలేజీ ఎంత పనికిమాలినదైనా అక్కడ ఒక సీఆర్వో, దాని తాళం చెవి పెట్టుకున్న ల్యాబ్ అసిస్టెంటు ఉన్నారు. ఆయన్ని మంచి చేసుకో. సాయంత్రం నాలుగు తర్వాత ఆ గది ఖాళీయే.

ఫీజు కట్టెయ్. ఆదివారం పొద్దున కోఠిలో గుజరాతీ గల్లీకి రా, తక్కువ కరెంటు తీసుకునే చిన్న ఫిలమెంటు బల్బులు ఒక నాలుగు కొందాం, ఎల్ఈడీలు కాదు. నా దగ్గర ఆప్-యాంప్‌లు ఉన్నాయి, స్కోప్ ఉంది. వీన్ బ్రిడ్జి కడదాం. నోట్ 43 ఇప్పుడే నీకు పంపాను, వచ్చేలోపు బల్బు ఉన్న పేజీ దాకా చదువు, అర్థంకాని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకురా.